కోటు వేసుకున్నప్పుడే ఆడిటరు

మొన్న రాయపురంలో క్షవరానికి వెళ్ళాను. నాకంటే ముందు అక్కడ ఒకే ఒక్క గిరాకీ ఉన్నాడు. ఆ కొట్టు మంగలే. అద్దం ముందు కుర్చీలో కూర్చుని, తన గడ్డానికి తానే సబ్బు రాసుకుని, తానే గీసుకుంటున్నాడు. అందులో వింతేమీ లేదు. గీసుకోవడం అయ్యాక లేచి, తుండుతో మొహం తుడుచుకుని, మొలలోంచి రెండణాలు తీసి గోడవారగా ఉన్న రేకుడబ్బాలో వేశాడు. డబ్బాకేసి చూసి "సరిపోయిందా?" అన్నాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. సరిపోయినట్టుంది.

"ఏందప్పా, నీ గడ్డానికి నువ్వే కూలి ఇచ్చుకుంటా ఉండావు?" అని అడిగాను.

"నేను ఇయ్యకుంటే కొట్టుకు ఎవరిస్తారు సామీ? సబ్బు కొట్టుది. కత్తి కొట్టుది. గడ్డం ఒక్కటే నాది. ఒక నల్లకోటు సామి చెప్పి పోయినాడు. గీయించుకునేదానికి వస్తే ఆయనా అంతే. కోటు ఇప్పి కూసుంటే గిరాకీ. కోటు తొడుక్కుంటే లెక్కలడిగి నాకు వాత."

నేను కుర్చీలో కూర్చున్నాను. ఆయన ఈ కొట్టుకు కూడా వచ్చారన్నమాట. పోయి ఏడాదైంది, ఇంకా రాయపురంలో రెండణాలు రాలుతూనే ఉన్నాయి.

ఆయన పేరు రాయను. రాసినా మా వీధిలో ఎవరూ గుర్తుపట్టరు. "కోటు ఆడిటరు" అంటే చాలు, అప్పులున్నవాళ్ళు లేచి నిలబడేవాళ్ళు. ఆడిటరు పరీక్ష ప్యాసయ్యారో లేదో ఎవరూ అడగలేదు. మద్రాసులో లెక్కలు చూసే ప్రతి మనిషీ ఆడిటరే, మందిచ్చే ప్రతి మనిషీ డాక్టరే, నాలాగా ఏ పనీ లేని ప్రతి మనిషీ త్వరలో ఉద్యోగంలో చేరబోయేవాడే.

పంచె మీద నల్ల అల్పాకా కోటు. మోచేతుల దగ్గర వెలిసి, ఎండలో చూస్తే కాస్త పాచిరంగు కొట్టేది. ఆ కోటు ఆయనకు ఆఫీసు. గది అద్దెకు తీసుకోలేక ఆఫీసును ఒంటిమీద వేసుకుని తిరిగేవారు. తొడుక్కుంటే తలుపులు తెరిచినట్టు, విప్పితే మూసినట్టు. కోటు జేబులో ఉండే డబ్బు వృత్తిది, పంచె మడతలో ఉండేది ఆయనది. ఒకసారి కాఫీ క్లబ్బు ముందు పంచె మడత తడుముకుని, చిల్లర లేదని తెలిసి, కోటు జేబు వంక కాసేపు చూసి, కాఫీ తాగకుండానే వెళ్ళిపోయారు. "జేబులో ఉండాయి కదా సార్" అన్నాను. "ఉండాయి. కానీ ఆయన అప్పు ఇయ్యడు" అన్నారు, కోటు మనిషి అయినట్టు.

జార్జి టౌనులో మా పెదనాన్నకు పూజాసామాన్ల కొట్టు ఉండేది. చేతిబండి ఒకటి అడ్డంగా నిలబడితే మూడు వీధుల వ్యాపారం ఆగిపోయేంత ఇరుకు సందు. కర్పూరం, సాంబ్రాణి, పసుపు, కుంకుమ, వక్కలు, దర్భలు. పెళ్ళికి కావలసినవీ మా దగ్గరే, పాడెకు కావలసినవీ మా దగ్గరే. మధ్యలో మనిషి బతకడానికి కావలసినవి మాత్రం వేరే కొట్లలో కొనుక్కోవాలి. ఈ రెండు రకాల గిరాకీల వల్ల మాకొక ఆచారం ఏర్పడింది. పొద్దున బోణీ శుభానికే జరగాలి. అందుకే మొదట వచ్చినవాళ్ళను పెదనాన్న "ఏం కార్యం?" అని అడిగేవాడు. చావు కబురైతే, ఎవరో ఒక పుణ్యాత్మురాలు వచ్చి పసుపుకొమ్ములు కొనేదాకా వాళ్ళను బల్ల మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేవాడు. దుఃఖంలో ఉన్నవాళ్ళు మజ్జిగ తాగుతూ ఎవరి పెళ్ళికో ఎదురుచూడటం మా కొట్టులో మామూలు దృశ్యం. ఇంకో నియమం కూడా ఉంది. బోణీ గిరాకీ ఉత్తచేతులతో తిరిగి వెళ్ళకూడదు. వెళ్తే ఆ రోజుకు కొట్టు మూసుకోవచ్చు.

ఇల్లు కొట్టు పైనే. పై కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట దిగేది. దింపేది పెద్దమ్మ. "కర్పూరం" అని గొంతు వినిపించేది. పెదనాన్న ఒక పొట్లం వేసేవాడు. బుట్ట పైకి పోయి మళ్ళీ దిగేది. పక్కింటావిడకు పసుపు, ఎదురింటి వ్రతానికి వక్కలు, చూడవచ్చిన చుట్టాలు పోయేటప్పుడు చేతిలో పెట్టడానికి కుంకుమ. మా కొట్టుకు వీధివైపు నుంచి వచ్చే గిరాకీ కంటే ఆకాశం నుంచి దిగే గిరాకీయే ఎక్కువని నాకు అనుమానంగా ఉండేది. ఆ మాట అంటే పెదనాన్న "మన సొమ్మే కదరా" అనేవాడు.

మన సొమ్ము అలా తాడెక్కి పోతుండగా, ఒక రోజు సౌకార్‌పేట నుంచి పెద్దమ్మ తమ్ముడు రిక్షా దిగాడు. అక్కడ ఆయనకు పెద్ద బట్టల కొట్టు. మా కొట్టులో ఆయన పెట్టుబడి కొంత ఉంది.

"బావా, దీపావళి దాకా చూస్తా" అన్నాడు. "అప్పటికీ ఇది కాళ్ళ మీద నిలబడకుంటే తాళం ఏసేసి మా కొట్టుకు వచ్చేయి. గుమాస్తా అని ఎవరంటారు? మన మనిషి అంటారు. నీ కోసం కూర్చునే మెత్త కూడా కుట్టించి పెట్టినా."

పెదనాన్న గుమాస్తాగిరీనైనా భరించేవాడేమో కానీ ఆ మెత్తను భరించలేకపోయాడు. ఒప్పుకోకముందే తన కొలత తీసేసుకున్నారని ఆయన బాధ. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు కోటు ఆడిటరుకు కబురు పెట్టాడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే పరీక్షలో తప్పి, ఒకే రోజు చదువు మానేసినవాళ్ళు. తేడా ఏమిటంటే ఆయన తర్వాత కోటు కొనుక్కున్నారు.

ఆడిటరు వచ్చారు కానీ చిట్టా ఆవర్జాల లెక్కపుస్తకాలు అడగలేదు. స్టూలు మీద కూర్చుని పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా బుట్ట ఎక్కడం దిగడం చూశారు. ఆ తర్వాత నోరు విప్పారు.

"షావుకారు గారూ, పైన ఉండే గిరాకీ ఎవరు?"

"నా పెండ్లామేరా."

"పేరు అడగలేదు. డబ్బులిస్తుందా అని."

పెదనాన్న తక్కెడ తుడవడం మొదలుపెట్టాడు. ఆడిటరు చూపు బల్ల మీద పేపరు చదువుతున్న నా మీద పడింది.

"ఇదేంది, సరుకా, ఫర్నిచరా?"

"మా తమ్ముని కొడుకు. పని దొరికేదాకా ఈడ కూర్చుంటాడు."

"ఫర్నిచరే. ఏటా కొంచెం తరుగు రాసుకోండి."

నేను పేజీ తిప్పాను. ఫర్నిచరుకు అంతకంటే స్వాతంత్ర్యం లేదు.

అప్పుడు చెప్పారు ఆయన తన సిద్ధాంతం. వీధి వీధికీ, కొట్టు కొట్టుకూ చెప్పి, రాయపురం మంగలి దాకా మోసుకెళ్ళిన సిద్ధాంతం అదొక్కటే.

"ఈ కొట్టు మీది కాదు."

"మరి ఎవరిది?"

"కొట్టుదే. అది వేరే మనిషి, మీరు వేరే మనిషి. మీరు దాని దగ్గర పనిచేస్తా ఉండారు. నెలకింత జీతం తీసుకోండి. దాంతో ఇల్లు నడపండి. ఇంటికి కర్పూరం కావాలంటే వీధిలోకి దిగి అందరిలాగా గిరాకీగా రండి. గల్లాపెట్టెలో ఉండేదంతా లాభం అనుకోవద్దు. దాంట్లో రేపటి సరుకు నిద్రపోతా ఉంది. ఇప్పుడే లేపితే రేపు దాని బదులు ఏమి ఏసి పండబెడతారు?"

తర్వాత తక్కెడ వంక చూశారు. పెదనాన్నకు ఒక అలవాటు. ఏది తూచినా ముల్లు గిరాకీ వైపు కొంచెం వంగేదాకా వేసేవాడు. చివరికి ఒక చిటికెడు, చిరునవ్వుతో. "ముల్లు నిలబడాలి" అన్నారు ఆడిటరు. "వంగితే, వంగినంత మేరకు మీరు కొట్టు జేబు కొట్టినట్టు."

"మొగ్గు లేకుంటే అది అంగడా, కోర్టా?" అన్నాడు పెదనాన్న నొచ్చుకుని.

"అంగడే. మొగ్గు ఇచ్చి ఇచ్చి కోర్టుకు పోతారు."

ఇంత చెప్పి, లేచి కోటు విప్పి మేకుకు తగిలించారు. ఒళ్ళు విరుచుకున్నారు. గొంతు కూడా మారిపోయింది.

"ఏమిరా, ఒక చిటికెడు వక్కపొడి ఇయ్యి. గొంతు ఎండిపోయింది."

పెదనాన్న మురిసిపోయి డబ్బాలోంచి గుప్పెడు తీసి చేతిలో పోశాడు. ఆయన నోట్లో వేసుకుని, చిన్ననాటి బడిపంతులును తిట్టుకుని, పెదనాన్న తొడ మీద ఒకటి చరిచి నవ్వి, లేచి కోటు తొడుక్కున్నారు.

"షావుకారు గారూ, ఇప్పుడు వక్కపొడి తీసుకున్న మనిషి డబ్బులిచ్చినాడా?"

"అది నువ్వే కదరా!"

"నేను కాదు. ఆయనెవరో మీ స్నేహితుడు. కోటు లేని మనిషి. అట్లాంటోళ్ళకు సుమ్మా, డబ్బుల్లేకుండా ఇస్తా పోతే కొట్టు ఏమవుతుంది?" అని, నమిలిన వక్కపొడి బయటికి వెళ్ళి ఉమ్మేసి వచ్చారు. సాక్ష్యం కూడా మిగలలేదు.

మా వాళ్ళకు ఒక జబ్బు ఉంది. ఏదైనా చెబితే అర్థం చేసుకోరు, పాటిస్తారు. ఇల్లు వేరు, కొట్టు వేరు అంటే, ఇంకెవరైనా ఇంటి వాడకం ఒక చోట రాసి పెట్టుకునేవాళ్ళు. పెదనాన్న అలా చేయలేదు. మర్నాటి నుంచి కొట్టును నిజంగానే వేరే మనిషిగా చూశాడు. పొద్దున వచ్చి చెప్పులు బయట విడిచి, అనుమతి తీసుకున్నట్టు ఒక నిమిషం నిలబడేవాడు. కొట్టులో ఆవులించడం మానేశాడు. బుట్ట దిగితే పైకి చూసి "డబ్బులు?" అనేవాడు.

పెద్దమ్మ ఒక రోజంతా బుట్ట దింపలేదు. రెండో రోజు పదిగంటలకు అలవాటు ప్రకారం బుట్టలో కాఫీ దిగింది. పెదనాన్న అందుకోబోతే పైనుంచి గొంతు వచ్చింది.

"అణా."

"దేనికే?"

"కాఫీకి. అది ఇంటి కాఫీ. కొట్టు తాగాలంటే కొట్టు ఇయ్యాల. నా మొగుడు తాగాలంటే మెట్లెక్కి పైకి రమ్మను. ఆడ సుమ్మా ఇస్తా."

పెదనాన్న దిక్కుతోచక, ఆ పూటా వచ్చి స్టూలు మీద కూర్చున్న ఆడిటరు వైపు చూశాడు. ఆయన కోటు గుండీ పెట్టుకుంటూ, "ఈ వీధిలో నా మాట అర్థమైంది ఆమె ఒక్కరికే" అన్నారు.

అప్పటినుంచి పెదనాన్న కాఫీకి మెట్లెక్కేవాడు. మోకాళ్ళు నొప్పి పెట్టాయి కానీ బుట్ట రాకపోకలు తగ్గాయి. పక్కింటావిడ పసుపు కొనుక్కోవడం మొదలుపెట్టింది. ఎదురింటివాళ్ళు వ్రతాలు తగ్గించారు. దీపావళికి కొట్టు కాళ్ళ మీద నిలబడిందా అంటే, పూర్తిగా లేదు. గోడ పట్టుకుని లేచింది.

అదే సమయానికి సౌకార్‌పేట నుంచి రిక్షా వచ్చింది. పండగకు రెండు రోజుల ముందు, పొద్దున్నే, ఇంకా బోణీ కాలేదు. మెత్త సంగతి తేల్చుకుపోదామని వచ్చిన బామ్మర్ది రిక్షాలోంచి దిగబోయి, ఒక కాలు కింద పెట్టి అలాగే ఆగిపోయాడు. ఎందుకంటే కొట్టు ముందు బేరం జరుగుతోంది. ఇంటికి కర్పూరం కావలసి వచ్చింది, పెదనాన్న కొనడానికి దిగాడు.

వీధిలో నిలబడి, భుజం మీద కండువా వేసుకున్నాడు. కండువా ఉంటే గిరాకీ, తీస్తే షావుకారు. ఆడిటరు కోటు చూసి ఈయన నేర్చుకున్నది అదీ.

"కర్పూరం పలం ఎంతయ్యా?"

మెట్టెక్కి, కండువా తీసి, గల్లాపెట్టె వెనక కూర్చున్నాడు. "మూడణాలు."

దిగాడు. కండువా వేసుకున్నాడు. "పక్క వీధిలో రెండున్నరకే ఇస్తా ఉండారు."

ఎక్కాడు. "అయితే ఆడనే పోయి తీసుకో."

దిగాడు. మొహం ఎర్రగా ఉంది. నిజంగానే కోపం వచ్చింది. "ఇంత పొగరు పనికిరాదు" అని విసురుగా నడిచి సందు మలుపు దాకా వెళ్ళిపోయాడు. అక్కడ ఆగాడు. వెనక్కి పిలుస్తారని చూస్తున్నాడు. పిలవాల్సిన మనిషి కొట్టులో లేడు, మలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. బోణీ గిరాకీ ఉత్తచేతులతో పోతున్నాడు.

స్టూలు మీద కోటుతో కూర్చున్న ఆడిటరు నా వైపు వంగి, "ఫర్నిచరూ, పిలువు. దినమంతా పాడైపోతుంది" అన్నారు.

"రండి సార్, రండి. చూసి వేస్తాము" అని కేకేశాను.

పెదనాన్న బెట్టుగా తిరిగి వచ్చి, మెట్టెక్కి కూర్చుని, ఆడిటరుతో గుసగుసగా అన్నాడు. "బోణీ బేరమని వానికి తెలుసురా. తెలిసే నెత్తికెక్కి కూసుంటా ఉండాడు."

"తగ్గించొద్దు షావుకారు గారూ. వానికి వేరే గతి లేదు. పక్క వీధికి పోయినాడంటే పైనుండే ఆమె ఒప్పుకోదు."

"అయితే రెండుముక్కాలు."

"సరి. ముల్లు మాత్రం నిలబడాల."

ముల్లు నిలబడింది. గిరాకీ "కొంచెం వేయరాదా" అని అడిగితే షావుకారు వినిపించుకోలేదు. బుట్టలో పొట్లం వేసి తాడు కదిపాడు. అది పైకి వెళ్ళింది.

బామ్మర్ది రెండో కాలు కింద పెట్టలేదు. నన్ను సైగ చేసి పిలిచాడు.

"ఎన్నాళ్ళ నుంచి ఇట్ల?"

"ఆ సారు వచ్చినప్పటి నుంచి."

సారు వైపు చూశాడు. సరిగ్గా అప్పుడే సారు కోటు విప్పి, "ఏమిరా, వక్కపొడి ఉందా?" అని అడిగి, మళ్ళీ కోటు తొడుక్కుని "ఇయ్యొద్దు" అన్నారు.

రిక్షా వెనక్కి తిరిగింది. వారం తర్వాత పెద్దమ్మకు కబురొచ్చింది, మెత్త వేరే ఎవరికో ఇచ్చేశారని, బావను మాత్రం ఒకసారి మంచి డాక్టరుకు చూపించమని. గల్లాపెట్టెను ఏ యజమానైనా కాస్త తిక్క ఉన్నవాడికి అప్పగిస్తాడు కానీ, ఇద్దరుగా ఉన్నవాడికి అప్పగించడు. కొట్టును ఏది కాపాడింది, లెక్కా, పిచ్చా అని నేను చాలాసార్లు ఆలోచించాను. ఆడిటరును అడిగితే "ఫలితం లాభం వైపే రాసుకోండి" అన్నారు.

ఆ తర్వాత ట్రాములు ఆగిపోయాయి, నా ఉద్యోగం ఇంకా మొదలు కాలేదు, ఆయన కోటు మాత్రం నడుస్తూనే ఉంది. అమ్మకపు పన్ను కాలంలో వచ్చేవారు, పన్ను లేని కాలంలోనూ వచ్చేవారు. వస్తే సగం పూట ఆడిటరు, సగం పూట స్నేహితుడు. ఇద్దరూ ఒకరినొకరు గౌరవించుకునేవాళ్ళు కానీ ఒకరి పనిలో ఒకరు తలదూర్చేవాళ్ళు కాదు.

పోయిన కార్తీకంలో ఒక పొద్దున వాన. అప్పుడే పలకలు తీసి కొట్టు తెరిచాం. ఇంకా బోణీ లేదు. ఆడిటరు కొడుకు గొడుగు కూడా లేకుండా వచ్చి మెట్టు కింద నిలబడ్డాడు. పెదనాన్న అలవాటుగా "ఏం కార్యం?" అని అడిగేశాడు.

"నాయన పోయినాడు మామా. తెల్లారి లేపితే లెయ్యలేదు."

పెదనాన్న చేయి చాచి తక్కెడ గొలుసు పట్టుకున్నాడు. తర్వాత ఆయన అడిగింది ఒకటే.

"పోయేటప్పుడు ఒంటిమీద కోటు ఉన్నిందా?"

"లేదు మామా. కొక్కేనికి తగిలించి పండుకున్నాడు."

"అట్లయితే పోయింది నా స్నేహితుడే" అన్నాడు పెదనాన్న.

అంటే ఆడిటరు కొక్కేనికి వేలాడుతూ ఇంకా ఉన్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

అబ్బాయి కర్పూరం, సాంబ్రాణి, పసుపు, దర్భలు అడిగి, తడిసిన నోటు చాచాడు. పెదనాన్న "వద్దు" అనబోయి ఆగాడు. వద్దనడానికి ఆయనెవరు? సరుకు కొట్టుది. సుమ్మా ఇస్తే ఆ మనిషి జీవితమంతా తిరిగి చెప్పిన మాటను, ఆయన పోయిన పొద్దునే తీసిపారేసినట్టు. తీసుకుంటే స్నేహితుడి చితికి వెల కట్టినట్టు. పోనీ ఆచారం ప్రకారం బోణీ అయ్యేదాకా ఆగమంటే, తండ్రిని ఇంట్లో పెట్టుకుని వచ్చిన పిల్లవాడికి మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టాలి. వీధిలో వాన తప్ప ఎవరూ లేరు.

"నేను రెండు పసుపుకొమ్ములు కొంటా పెదనాన్నా. బోణీ అయిపోతుంది" అన్నాను.

"డబ్బులుండాయా?"

"నువ్విస్తే."

ఆ సమయంలో కూడా నాకేసి తరుగు లెక్కపెట్టే చూపు చూశాడు. తర్వాత అబ్బాయి చేతిలోని నోటును వాడి గుప్పిట్లోనే మూసి, నెమ్మదిగా మెట్టు దిగాడు. వానలో నిలబడి భుజం మీద కండువా సర్దుకున్నాడు.

"సాంబ్రాణి ఎంతయ్యా?"

మెట్టెక్కాడు. కండువా తీసి కూర్చున్నాడు. ధర చెప్పాడు. "ఏం కార్యం?" అని కూడా అడిగాడు.

దిగాడు. "స్నేహితునికి."

కొట్టు ఇంకేమీ అడగలేదు. కర్పూరం ధర, పసుపు ధర, దర్భల ధర అన్నీ అలాగే ఎక్కుతూ దిగుతూ తేలాయి. ప్రతిసారీ నేను బేరం కోసం ఎదురుచూశాను. గిరాకీ ఒక్క దమ్మిడీ తగ్గించమనలేదు. పంచె మడతలోంచి తన డబ్బు తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు. పైన కిటికీలో పెద్దమ్మ బుట్ట తాడు పట్టుకుని, దింపకుండా నిలబడి చూస్తోంది.

షావుకారు మెట్టెక్కి సాంబ్రాణి తూచాడు. ముల్లు నిలబడింది. చేయి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ డబ్బాలోకి వెళ్ళి ఇంకొంచెం తెచ్చి వేసింది. ముల్లు గిరాకీ వైపు వంగింది. షావుకారు దాన్ని సరిచేయలేదు. కిందికి దిగి పొట్లం అందుకున్న గిరాకీ కూడా ఆ మాట ఎత్తలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు.